తర్కసంగ్రహం నుంచి శాబ్దబోధ దాకా: చెన్నైలో ఉండి తర్కం మొదలుపెట్టడం ఎలా?

ఆదివారం సాయంత్రాలు మైలాపూర్‌లో మేం నలుగురైదుగురం కూర్చుని తర్కం, అంటే న్యాయశాస్త్రమని కూడా పిలిచే పాత సంస్కృత తర్కవిద్య, చదువుకుంటాం. ఆ సంగతి తెలిసిన తెలుగువాళ్ళు ఫోన్ చేసి అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "సంస్కృతం కాస్త వచ్చు, తర్కం నేర్చుకోవాలని ఉంది, ఏ పుస్తకాలు కొనాలి?" అడిగేవాళ్ళలో చాలామంది అప్పటికే ముప్పై నలభై పీడీఎఫ్‌లు దించుకుని ఉంటారు. ఏ ఒక్కటీ పది పేజీలు దాటి ఉండదు.

మీ పరిస్థితి అదే అయితే ముందు ఆ ఫోల్డర్ మూసేయండి. మొదటి ఆరు నెలలకు మీకు కావలసింది ఒక చిన్న మూలగ్రంథం, దానికి ఒకటి రెండు వ్యాఖ్యానాలు, మీరు చెప్పేది విని తప్పు పట్టగల ఒక మనిషి. పుస్తకాలు పెరిగినకొద్దీ చదువు ఆగిపోవడం నేను కళ్ళారా చూశాను.

కావలసినవి

సంస్కృతం ఇంత ఉంటే చాలు: రామ, హరి, గురు, రమా, నదీ లాంటి శబ్దాలు తడుముకోకుండా రావాలి. ఏడు విభక్తులకూ అర్థం తెలియాలి. హేతువు చెప్పే పంచమి తప్పనిసరి, ఎందుకంటే "ధూమాత్" (పొగ ఉన్నందువల్ల) అన్న ఒక్క పంచమి మీదే అనుమానమంతా, అంటే ఒకదాన్ని బట్టి ఇంకొకదాన్ని తెలుసుకోవడమంతా, నిలబడుతుంది. తత్పురుష, బహువ్రీహి సమాసాలకు విగ్రహవాక్యం చెప్పగలగాలి. ఘటత్వం, వహ్నిమాన్ లాంటి చోట త్వ, మతుప్ ప్రత్యయాలు ఏం చేస్తున్నాయో చూడగానే తెలియాలి. ఇవి రాకపోతే మూడు నెలలు వ్యాకరణం మీద పెట్టి అప్పుడు రండి. తొందరేమీ లేదు.

పుస్తకాల్లో మొదటిది అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం, ఆయనే దానిమీద రాసిన దీపికతో సహా. 17వ శతాబ్దపు ఈ పండితుడు మన తెలుగువాడు. "కాశీకి వెళ్ళినంత మాత్రాన ఎవడూ అన్నంభట్టు అయిపోడు" అని సంస్కృతంలో సామెతే ఉంది. రెండోది న్యాయబోధిని, పదకృత్యం అనే చిన్న వ్యాఖ్యానాలు. ఈ రెండూ మూలంతో కలిపి ఒకే పుస్తకంగా దొరుకుతాయి. ఇంగ్లీషు ఇబ్బంది లేనివాళ్ళకు ఇంకొకటి: మదరాసు సంస్కృత కళాశాల తొలి ప్రిన్సిపాల్ కుప్పుస్వామి శాస్త్రి తర్కసంగ్రహాన్ని ఆధారం చేసుకుని 1932లో వెలువరించిన ప్రవేశగ్రంథం. మన ఊళ్ళోనే పుట్టిన పుస్తకం. దాన్ని మూలం తర్వాతే తెరవండి, ముందు వద్దు.

ఒక పెద్ద నోటుబుక్కు, రోజుకు నలభై నిమిషాలు. ఆదివారం ఒక్కరోజే నాలుగు గంటలు కూర్చుంటానంటే ఇది నడవదు.

1. మూలాన్ని మీకు అలవాటైన లిపిలో సంపాదించండి

కొట్లో "న్యాయశాస్త్రం పుస్తకాలు ఉన్నాయా" అని తెలుగులో అడిగితే లా పుస్తకాలు చూపిస్తారు. "తర్కసంగ్రహం" అని పేరు పెట్టి అడగండి. తెలుగు లిపిలో సంస్కృత గ్రంథాలు తరతరాలుగా అచ్చువేసిన వావిళ్ళ వారిది చెన్నపట్నమే. అలాంటి పాత ప్రతులు సెంట్రల్ స్టేషన్ దగ్గర పాత పుస్తకాల కొట్లలో, లజ్ కార్నర్ చుట్టుపక్కల ఒక్కోసారి కనబడతాయి. దొరక్కపోతే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వెతకండి. దేవనాగరి పాఠం మాత్రమే దొరికితే అక్షరముఖ అనే ఉచిత సాధనం దాన్ని తెలుగు లిపిలోకి మారుస్తుంది.

చెన్నైలో పెరిగిన పిల్లలకు తెలుగు మాట్లాడటం వచ్చినా చదవడం కష్టంగా ఉంటుంది. అలాంటివాళ్ళు మొహమాటపడకుండా దేవనాగరిలోనే చదవండి. లిపి మీద పోరాడుతూ శాస్త్రం చదవలేం.

స్కాన్ ప్రతి వాడేటప్పుడు ఒక జాగ్రత్త. మొదట్లో "నిధాయ హృది విశ్వేశం" అన్న మంగళశ్లోకం, చివర "కాణాదన్యాయమతయోః" అని మొదలయ్యే శ్లోకం ఉన్నాయో లేదో చూడండి. మధ్య పేజీలు ఎగిరిపోయిన ప్రతులు చాలా ఉన్నాయి. నేను మొదట వాడిన ప్రతిలో హేత్వాభాసాల (తప్పు హేతువుల) దగ్గర రెండు పేజీలు లేవు. ఆ సంగతి నెల తర్వాత గానీ తెలియలేదు.

2. మీకు తెలిసిన తెలుగు మాటల్ని ఒకచోట రాసి, పక్కన పెట్టండి

దీన్ని దాటేయకండి. తెలుగువాళ్ళకు తర్కంలో అన్నిటికన్నా పెద్ద అడ్డంకి సంస్కృతం రాకపోవడం కాదు. తెలిసిన మాటే కదా అన్న ధీమా. తమిళం మాత్రమే తెలిసిన విద్యార్థి పారిభాషిక పదం రాగానే ఆగి అడుగుతాడు. మనం ఆగం, ఆ మాట మన ఇంట్లోదే కాబట్టి.

అనుమానం అంటే మనకు సందేహం. శాస్త్రంలో సందేహానికి సంశయం అని పేరు. పొగను చూసి నిప్పు ఉందని నిశ్చయంగా తెలుసుకోవడానికి సాధనమైనది అనుమానం. అంటే మన వాడుకకు ఇంచుమించు ఎదురు. పరామర్శ అంటే మనకు కష్టంలో ఉన్నవాళ్ళను పలకరించి రావడం. అక్కడ "నిప్పుతో విడదీయరాని పొగ ఈ కొండ మీద ఉంది" అనే జ్ఞానం. ఉపాధి అంటే మనకు ఉద్యోగం. అక్కడ వ్యాప్తిని, అంటే "పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుంది" లాంటి నియమాన్ని, చెడగొట్టే షరతు. "నిప్పు ఉంది కాబట్టి పొగ ఉంది" అంటే చెల్లదు, పొగ రావాలంటే తడి కట్టె కూడా ఉండాలి. ఆ తడి కట్టెతో సంబంధమే ఉపాధి.

పదార్థం అంటే వస్తువో, తినే పదార్థమో కాదు. ద్రవ్యం, గుణం, కర్మ, సామాన్యం, విశేషం, సమవాయం, అభావం అనే ఏడూ పదార్థాలే. లేకపోవడం కూడా ఒక పదార్థమే. కర్మ అంటే తలరాత కాదు, కదలిక. సామాన్యం అంటే మామూలుది కాదు, ఆవులన్నిటిలో ఉండే గోత్వం లాంటిది. పక్షం పార్టీ కాదు. సాధ్యం అంటే వీలైనది కాదు. ప్రతిజ్ఞ శపథం కాదు. బాధ నొప్పి కాదు.

ఇంకొకటి మరీ ప్రమాదకరం: లక్షణం, లక్షణా. మొదటిది నిర్వచనం. రెండోది, దీర్ఘం ఉన్నది, పదానికి ఉన్న ముఖ్యార్థం కుదరనప్పుడు దానితో సంబంధం ఉన్న అర్థాన్ని చెప్పే వృత్తి (పదం అర్థాన్ని చెప్పే తీరు). తెలుగులో రాసేటప్పుడు రెండూ "లక్షణ"గా కలిసిపోతాయి. నోటుబుక్కులో దీర్ఘం వదలకండి. వృత్తి అంటే ఇక్కడ ఉద్యోగం కాదని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

నోటుబుక్కు చివరి రెండు పేజీలు ఈ పట్టికకే ఉంచండి: ఎడమవైపు మాట, మధ్యలో మన వాడుక, కుడివైపు శాస్త్రార్థం. నలభై మాటలు దాటుతుంది. యంత్రానువాదం మీద ఆధారపడితే సరిగ్గా ఈ మాటల దగ్గరే మోసపోతారు. మొత్తం వాక్యం నున్నగా కనిపిస్తుంది, అర్థం మాత్రం తలకిందులై ఉంటుంది.

3. మూలాన్ని నోటికి తెచ్చుకోండి

రోజుకు నాలుగైదు వాక్యాలు చాలు, చిన్న వాక్యాలే. పైకి చదవండి. బస్సులోనో లోకల్ రైల్లోనో మనసులో వల్లెవేయండి. అర్థం పూర్తిగా తెలిశాకే కంఠస్థం చేస్తానంటే ఎప్పటికీ చేయలేరు. అర్థం తెలియకుండా మొత్తం కంఠస్థం చేసి ఆగిపోయినా ఉపయోగం లేదు. రెండూ పక్కపక్కనే నడవాలి.

4. ప్రతి నిర్వచనానికీ పదకృత్యం చేయండి

అసలు చదువు ఇక్కడ మొదలవుతుంది. పదకృత్యం అంటే నిర్వచనంలోని ఒక్కో మాటనూ తీసేసి, తీసేస్తే ఏ తప్పు వస్తుందో చూడటం. తప్పులు మూడు రకాలు. ఆవును "కపిలవర్ణం గలది" అంటే తెల్లావు బయటపడిపోతుంది, అది అవ్యాప్తి. "కొమ్ములు గలది" అంటే గేదె లోపలికొస్తుంది, అది అతివ్యాప్తి. "ఒంటి గిట్ట గలది" అంటే ఏ ఆవుకూ కుదరదు, అది అసంభవం.

ఇప్పుడు ఒక నిర్వచనం తీసుకుందాం. "సంస్కారమాత్రజన్యం జ్ఞానం స్మృతిః." కేవలం సంస్కారం (పాత అనుభవం మిగిల్చిన ముద్ర) వల్ల మాత్రమే పుట్టే జ్ఞానం స్మృతి.

"జ్ఞానం" తీసేయండి. సంస్కారం నశించడం కూడా సంస్కారం వల్లే జరుగుతుంది, ఎందుకంటే లేనిదాన్ని నాశనం చేయలేం. కాబట్టి ఆ నాశనం కూడా స్మృతి అయిపోతుంది. "సంస్కారమాత్రజన్యం" తీసేయండి. కళ్ళతో చూసి తెలుసుకున్నది కూడా స్మృతి అయిపోతుంది. "మాత్ర" ఒక్కటే తీసేయండి. ఇరవై ఏళ్ళ తర్వాత సెంట్రల్ స్టేషన్‌లో బడి స్నేహితుణ్ణి చూసి "వీడు ఆ రోజుల్లో నా పక్కన కూర్చున్నవాడే" అనుకుంటారు చూడండి, ఆ ప్రత్యభిజ్ఞలో పాత సంస్కారమూ ఉంది, ఎదురుగా కంటికి కనబడటమూ ఉంది. అదీ స్మృతి అయిపోతుంది. అందుకే "మాత్ర".

ఇలా ఒక్క నిర్వచనం మీద గంట గడిచినా ఫరవాలేదు. మొదట మీరే ప్రయత్నించండి, తర్వాతే పదకృత్య వ్యాఖ్యానం తెరిచి సరిచూసుకోండి. ముందే జవాబు చూస్తే కండ పట్టదు. జవాబు పూర్తిగా తప్పినా నష్టం లేదు, ఎక్కడ తప్పిందో అక్కడ ఒక గీత గీసి ముందుకు వెళ్ళండి.

5. అనుమానఖండం

ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అనే ఐదు అవయవాలతో (వాదంలోని భాగాలతో) మీ రోజువారీ విషయం ఏదైనా రాయండి. కొండ, పొగ మాత్రమే రాస్తూ కూర్చుంటే నేర్చుకున్నట్టు కాదు. "ఈ వీధిలో రాత్రి వాన పడింది, నేల తడిగా ఉంది కాబట్టి" అని రాసి, హేతువు వ్యభిచరిస్తోందేమో, అంటే వాన పడనిచోట కూడా నేల తడిగా ఉంటుందేమో, చూడండి. నీళ్ళ లారీ కారినా నేల తడుస్తుంది. చెన్నైలో ఉన్నవాళ్ళకు ఈ సవ్యభిచారం వెంటనే అర్థమవుతుంది.

అవచ్ఛేదకం, ప్రతియోగితా అన్న మాటలు దీపికలోనో న్యాయబోధినిలోనో ఎదురైతే టెన్షన్ పడకండి. మొదటిసారి చదివేటప్పుడు వాటికి పెన్సిల్‌తో గుర్తు పెట్టి దాటేయవచ్చు. ఈ ఒక్కచోట నేను దాటేయమనే చెప్తాను.

6. శబ్దఖండం: వాక్యాన్ని విరగ్గొట్టి చూడండి

అన్నంభట్టు వాక్యార్థజ్ఞానానికి మూడు కారణాలు చెప్పాడు: ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి. ఆకాంక్ష అంటే ఇక్కడా కోరిక కాదు. ఒక పదం ఇంకో పదం లేకుండా అన్వయం కలిగించలేకపోవడం.

ఆయన ఉదాహరణలు చదివాక మీవి మీరే తయారుచేయండి. "ఇడ్లీ, ఆటో, గొడుగు, మామయ్య" అంటే మాటలున్నాయి, వాక్యం లేదు, ఎందుకంటే ఆకాంక్ష లేదు. "అగ్నినా సించేత్", నిప్పుతో తడపాలి అన్నది ఆయన ఉదాహరణ. "ఐసుముక్కతో దోసె కాల్చింది" అన్నది మా బృందంలో ఒకరు తెచ్చినది. రెండిట్లోనూ యోగ్యత లేదు, అర్థాలు ఒకదానితో ఒకటి పొసగవు. పొద్దున "ఆవును" అని ఒక వాయిస్ మెసేజ్, సాయంత్రం "తీసుకురా" అని ఇంకొకటి వస్తే సన్నిధి, అంటే మాటలు వెంటవెంటనే రావడం, లేదు. మరి ఆ రెండింటినీ రాత్రి ఒకేసారి వింటే? అర్థమవుతుంది కదా. అంటే చూడవలసింది పలకడంలో ఆలస్యమా, అర్థాలు మనసులో ఎడం లేకుండా తోచడమా? ఈ ప్రశ్న రాసి ఉంచుకోండి. తర్కసంగ్రహం తర్వాత చదివే ముక్తావళికి వెళ్ళినప్పుడు ఆసత్తి (సన్నిధికి ఇంకో పేరు) గురించి చెప్పేచోట జవాబు దొరుకుతుంది.

అక్కడే తాత్పర్యం, అంటే మాట్లాడేవాడి ఉద్దేశం, కూడా వస్తుంది. "సైంధవం తే" అంటే భోజనం దగ్గర ఉప్పు, ప్రయాణానికి బయల్దేరేటప్పుడు గుర్రం. తెలుగులో "నా పాలు నాకివ్వు" అన్న వాక్యం వంటింట్లో ఒకటి, ఆస్తి పంపకాల దగ్గర ఇంకొకటి.

లక్షణాకు శాస్త్రంలో ఉదాహరణ "గంగాయాం ఘోషః", గంగలో పల్లె. ప్రవాహం మీద పల్లె ఉండదు, కాబట్టి గంగ అన్న మాట ఒడ్డును చెబుతోంది. "కూవం మీద గుడిసెలు" అని మన ఊరి నది గురించి మనం అనే మాట అచ్చంగా అదే.

మాటకు అర్థం ఎలా పట్టుబడుతుందన్న భాగం దీపికలో తప్పక చదవండి. ఒక పెద్ద "ఆవును తే" అంటాడు, ఇంకొకడు తెస్తాడు. "ఆవును కట్టు, గుర్రాన్ని తే" అంటాడు. చూస్తున్న పిల్లవాడు మాటల్ని మార్చి మార్చి విని ఏ మాట దేనిదో తెలుసుకుంటాడు. ఈ ఊరికి కొత్తగా వచ్చినప్పుడు "తణ్ణి ఎడుత్తుట్టు వా", "పాల్ ఎడుత్తుట్టు వా" అని పక్కింట్లో విని మనం తమిళం నేర్చుకున్నది ఇలాగే. ఆవాపోద్వాపాలు అంటే ఇదే.

7. శాబ్దబోధను తెలుగులో రాయండి

వాక్యం విన్నాక కలిగే అర్థజ్ఞానమే శాబ్దబోధ. చాలామంది ఇక్కడ భయపడతారు. నిజానికి మనకు కలిసొచ్చేది ఇక్కడే.

"చైత్రో గ్రామం గచ్ఛతి" అన్న వాక్యానికి నైయాయికుడు (న్యాయశాస్త్ర పండితుడు) చెప్పే బోధ: గ్రామకర్మకగమనానుకూలకృతిమాన్ చైత్రః. దీన్ని ఇంగ్లీషులో చెప్పాలంటే చివరి నుంచి మొదటికి తిరగేయాలి. తెలుగులో ఆ అవసరం లేదు: గ్రామం కర్మగా గల గమనానికి అనుకూలమైన ప్రయత్నం గల చైత్రుడు. మాట వెంట మాట, అదే వరసలో వచ్చేసింది. విశేషణాలన్నీ ముందుండి, అవి వర్ణించే విశేష్యం చివర నిలబడటం మన భాషకు పుట్టుకతో వచ్చిన గుణం. అందుకే శాబ్దబోధను ఇంగ్లీషు అనువాదంలో చదవకండి, మీరే తెలుగులో రాయండి.

రాశాక చివరి మాట ఏమిటో చూడండి. చైత్రుడు చివర ఉంటే అది నైయాయికుల పద్ధతి, వాళ్ళకు ప్రథమావిభక్తిలోని పదం అర్థమే ముఖ్యవిశేష్యం. "చైత్రుడు కర్తగా, గ్రామం కర్మగా గల వెళ్ళడం" అని రాశారా? అది వైయాకరణుల (వ్యాకరణ పండితుల) పద్ధతి, వాళ్ళకు ధాతువు చెప్పే వ్యాపారం ముఖ్యం. వేదవాక్యాల అర్థాన్ని విచారించే మీమాంసకులకు భావన (ఫలాన్ని పుట్టించే వ్యాపారం) ముఖ్యం. ఒకే జవాబులో రెండు మతాలు (శాస్త్రకారుల అభిప్రాయాలు) కలిపేయడం నేను అందరిలోనూ చూసే తప్పు. పేజీ పైన "న్యాయమతం" అని రాసుకుని మొదలుపెట్టండి.

తర్వాత వాక్యాన్ని కర్మణిలోకి మార్చండి: "చైత్రేణ గ్రామో గమ్యతే." ఇప్పుడు ప్రథమలో ఉన్నది గ్రామం. కాబట్టి బోధ కూడా గ్రామంతో ముగియాలి: చైత్రుడిలోని ప్రయత్నం వల్ల పుట్టిన గమనం వల్ల కలిగే ఫలం గల గ్రామం. ఇక్కడా చైత్రుడితోనే ముగించారంటే మొదటి వాక్యం బోధను బట్టీ పట్టారని అర్థం.

8. గురువు, ఆ పైన చదువు

తర్కసంగ్రహం దీపికతో సహా ఒకసారి పూర్తయ్యాక విశ్వనాథుడి కారికావళి, దాని వ్యాఖ్యానమైన సిద్ధాంతముక్తావళి. శబ్దఖండం మీదే ఆసక్తి ఉంటే ముందు అదే చదవనివ్వమని అడగవచ్చు, కానీ ప్రత్యక్షఖండం చదివి వస్తే తేలిక. శాబ్దబోధ మీద గదాధరుడు రాసిన వ్యుత్పత్తివాదం గురువు లేకుండా తెరవకండి. పాఠం చెప్పేవాళ్ళు ఉన్నా అది ఏళ్ళు పట్టే గ్రంథం.

చెన్నైలో వెతకవలసిన చోట్లు ఇవి. మైలాపూర్‌లో 1906లో మొదలైన మదరాసు సంస్కృత కళాశాల, ఆ ఆవరణలోనే ఉన్న కుప్పుస్వామి శాస్త్రి పరిశోధన సంస్థ. దివ్యజ్ఞాన సమాజం ఆవరణలో 1886లో ఆల్కాట్ స్థాపించిన అడయారు గ్రంథాలయం. మదరాసు విశ్వవిద్యాలయం సంస్కృత విభాగం. నేరుగా వెళ్ళి, ఏ గ్రంథం, ఎంతవరకు చదివారో చెప్పి అడగండి. "తర్కం నేర్పుతారా" అని అడిగేవాళ్ళకన్నా "దీపికలో పరామర్శ దగ్గర ఈ వాక్యం అర్థం కాలేదు" అని అడిగేవాళ్ళకు తలుపులు తొందరగా తెరుచుకుంటాయి.

పాఠం తమిళంలో జరగవచ్చు. రికార్డు చేసుకోవడానికి అనుమతి అడగండి, ఇంటికొచ్చి అదే రోజు తెలుగులో రాసుకోండి. సంధి విడదీయలేక ఆగిపోతే హైదరాబాద్ విశ్వవిద్యాలయం సంస్కృత విభాగం తయారుచేసిన సంసాధని అనే సాధనం ఆన్‌లైన్‌లో ఉంది. పారిభాషిక పదాలకు ఝళకీకర్ న్యాయకోశం ఉంది. అది సంస్కృతంలోనే ఉంటుంది కాబట్టి మొదటి ఏడాది భారంగానే అనిపిస్తుంది.

డబ్బు కట్టే ఆన్‌లైన్ కోర్సుల్లో చేరేముందు ఒక నమూనా పాఠం వినండి. మూలం పంక్తి చదివి అన్వయం చెబుతున్నారా, లేక స్లైడ్ల మీద పట్టికలు చూపిస్తున్నారా? నేను ఒకసారి రెండో రకందాంట్లో చేరి మూడు నెలలు పోగొట్టుకున్నాను. పట్టికలన్నీ గుర్తున్నాయి, పంక్తి ఒక్కటీ సొంతంగా చదవలేకపోయాను.

వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

నెలకొకసారి పుస్తకం మూసి ఈ పరీక్షలు పెట్టుకోండి.

సంస్కృతం రాని ఇంట్లోవాళ్ళకు ఒక నిర్వచనం తెలుగులో చెప్పండి. అమ్మకో అత్తయ్యకో వ్యాప్తి అంటే ఏమిటో శాస్త్రపదం వాడకుండా చెప్పగలిగితే మీకు వచ్చినట్టే. వాళ్ళు అడ్డుప్రశ్న వేస్తే దాన్ని నోటుబుక్కులో రాయండి. "నీళ్ళకు కూడా వాసన ఉంటుందిగా" అని మా అత్తయ్య అడిగిన ప్రశ్న, పృథివికి (మట్టికి) గంధం లక్షణమని చెప్పేచోట శాస్త్రం స్వయంగా వేసుకునే ప్రశ్నే. ఆ వాసన నీళ్ళలో కలిసిన పార్థివకణాలదని దాని జవాబు.

రెండోది, మీరు చదవని దీపిక పంక్తి ఒకటి తీసుకుని, కర్త, క్రియ, హేతువు విడదీసి అన్వయం రాయండి. తర్వాత వ్యాఖ్యానంతో పోల్చండి. పది పంక్తుల్లో ఆరు సరిపోతే ముందుకు వెళ్ళవచ్చు.

మూడోది, మీ తోడు చదువరి ఒక తెలుగు వాక్యం ఇస్తారు, మీరు దాన్ని సంస్కృతం చేసి న్యాయమతంలో శాబ్దబోధ రాయాలి. ముఖ్యవిశేష్యం తప్పితే ఏడో మెట్టుకు తిరిగి వెళ్ళండి. పదాల అర్థమే తప్పితే రెండో మెట్టులోని పట్టిక తీయండి. చాలాసార్లు అక్కడే, మనకు బాగా తెలుసనుకున్న ఏదో ఒక తెలుగు మాట దగ్గర, పొరపాటు దొరుకుతుంది.